యుద్ధ నేరాల బాధితులకు న్యాయం: చెన్నైలో ఉంటూ మనం చేయగల పని, మొదటి నుంచి చివరి దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు రైలు దారి వేయించింది. ఆ పనిలో 12 వేల మందికి పైగా మిత్రరాజ్యాల యుద్ధ ఖైదీలు చనిపోయారు. వాళ్ళలో వేల మందికి కాంచనబురిలో పేరు చెక్కిన సమాధులు ఉన్నాయి. వాళ్ళని హింసించిన అధికారుల మీద సింగపూర్‌లో విచారణలు జరిగి శిక్షలు పడ్డాయి. అదే పనికి మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు. ఎంతమంది అన్నది ఈ రోజుకీ ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

యుద్ధ నేరాల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు మొదట ఈ కూలీలే గుర్తొస్తారు. నేను చెన్నైలో చాలా ఏళ్ళుగా ఉంటున్న తెలుగు మనిషిని. కోర్టు కాగితాలు అనువాదం చేయడం నా వృత్తి. హైకోర్టు ఎదురుగా, ప్యారిస్ కార్నర్ సందుల్లో నోటరీ బల్లల దగ్గర సగం జీవితం గడిచింది. ఆ పని వల్లే శ్రీలంక నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు పరిచయమయ్యాయి. వాళ్ళ కాగితాల పనిలో సాయం చేస్తూ నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. లాయర్లు కాని మనలాంటివాళ్ళం నేరస్థుణ్ణి పట్టుకోలేం, తీర్పు చెప్పలేం. కానీ సాక్ష్యం చెడిపోకుండా, సాక్షి నలిగిపోకుండా కాపాడగలం. ఆ తర్వాత చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఏ తలుపు ఎక్కడుందో తెలుసుకోండి

యుద్ధం వేరు, యుద్ధ నేరం వేరు. పోరాటంలో ఒక సైనికుడు ఎదుటి సైనికుణ్ణి కాల్చడం దానికదే నేరం కాదు. లొంగిపోయినవాణ్ణి కాల్చడం, ఆసుపత్రి అని తెలిసీ దాని మీద షెల్ వేయడం, 15 ఏళ్ళు నిండని పిల్లల చేతికి తుపాకీ ఇవ్వడం, జనానికి తిండి అందకుండా చేసి యుద్ధం గెలవాలనుకోవడం మాత్రం నేరాలు. ఈ గీతలు ప్రధానంగా 1949 జెనీవా ఒప్పందాలు, 1998 జులై 17న ఆమోదించిన రోమ్ ఒప్పందం గీశాయి.

హేగ్ నగరంలో రెండు కోర్టులు ఉన్నాయి, జనం వాటిని కలిపేస్తుంటారు. అంతర్జాతీయ నేర న్యాయస్థానం, అంటే ఐసీసీ, వ్యక్తులను విచారిస్తుంది. అంతర్జాతీయ న్యాయస్థానం, అంటే ఐసీజే, దేశాల మధ్య వ్యాజ్యాలు చూస్తుంది. రోహింగ్యాల విషయంలో గాంబియా 2019 నవంబర్‌లో మయన్మార్ మీద కేసు వేసింది రెండో దాంట్లో. మూడో దారి కూడా ఉంది. నేరం ఎక్కడ జరిగినా కొన్ని దేశాలు తమ సొంత కోర్టుల్లో విచారిస్తాయి. సిరియా జైల్లో చిత్రహింసలు పెట్టించిన మాజీ అధికారి అన్వర్ రస్లాన్‌కు 2022 జనవరి 13న జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అతన్ని వేలెత్తి చూపించిన సాక్షుల్లో ఎక్కువమంది శరణార్థులుగా యూరప్‌కు వచ్చిన మామూలు మనుషులు.

భారతదేశం రోమ్ ఒప్పందంలో చేరలేదు. శ్రీలంకా చేరలేదు. అందుకని ముళ్ళివాయ్‌క్కాల్‌లో 2009లో, శ్రీలంక యుద్ధం చివరి రోజుల్లో, జనం మీద జరిగిన దాని గురించి నేరుగా ఐసీసీకి వెళ్దాం అని ఎవరైనా ఆవేశంగా అంటే, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ కేసును పంపితే తప్ప ఆ తలుపు తెరుచుకోవడం చాలా కష్టమని ముందే చెప్పాలి. బాధితులకు లేని ఆశ పెట్టడం కూడా ఒక రకం హింసే. తెరిచి ఉన్న తలుపు జెనీవాలో ఉంది. 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 46/1 తీర్మానం చేసింది. దాని ప్రకారం మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయంలో శ్రీలంక అకౌంటబిలిటీ ప్రాజెక్ట్ మొదలైంది. అది కోర్టు కాదు. సాక్ష్యాలు సేకరించి, భద్రపరిచి, ఏ దేశంలోనైనా ప్రాసిక్యూటర్ కేసు పెట్టడానికి ముందుకొస్తే అందించడం దాని పని. మయన్మార్ కోసం ఇలాంటిదే ఒక స్వతంత్ర దర్యాప్తు యంత్రాంగం 2018లో ఏర్పాటైంది. రోహింగ్యాల విషయంలో ఐసీసీ తలుపు కూడా కొంత తెరిచే ఉంది. వాళ్ళని తరిమింది బంగ్లాదేశ్ గడ్డ మీదకి, బంగ్లాదేశ్ రోమ్ ఒప్పందంలో ఉంది. ఆ ఆధారంతో 2019 నవంబర్ 14న న్యాయమూర్తులు దర్యాప్తుకు అనుమతి ఇచ్చారు.

ఈ మాత్రం తెలిస్తే చాలు. మిగతాది అవసరం వచ్చినప్పుడు చదువుకోవచ్చు.

ఒక్క విషయాన్నే పట్టుకోండి

ప్రపంచంలో జరిగే ప్రతి ఘోరం గురించీ ఫోన్లో చదివి బాధపడేవాళ్ళు ఎవరికీ ఉపయోగపడలేకపోవడం నేను చాలాసార్లు చూశాను. మీకు దగ్గరగా ఉన్న ఒక్కదాన్ని ఎంచుకోండి. చెన్నైలో ఉంటే దగ్గరగా ఉన్నది వెతుక్కోనక్కర్లేదు. పుళల్‌లో, గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరాలు ఉన్నాయి. 2021 నుంచి తమిళనాడు ప్రభుత్వం వాటిని పునరావాస శిబిరాలు అంటోంది. కేళంబాక్కంలో రోహింగ్యా కుటుంబాలు 2012 నుంచి ఉంటున్నాయి.

శిబిరాలకు నేరుగా వెళ్ళిపోకండి. బయటివాళ్ళు లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి. మీరు వెళ్ళొచ్చాక అక్కడివాళ్ళు పోలీసులకు సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు. 1984 నుంచి చెన్నై కేంద్రంగా ఆ శరణార్థులతో పనిచేస్తున్న ఓఫెర్ లాంటి సంస్థ ద్వారానో, ఇప్పటికే నమ్మకం ఉన్న మనిషి ద్వారానో వెళ్ళండి. మొదటి కొన్ని నెలలు యుద్ధం మాటే ఎత్తకండి. పిల్లలకు ట్యూషన్ చెప్పండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి, బ్యాంకు ఫారం నింపిపెట్టండి. నమ్మకం అలాగే కుదురుతుంది.

ఇంకో మాట. మీరు ఎంచుకున్న విషయంలో అన్ని వైపుల నేరాలనూ ఒకే కంటితో చూడగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఇచ్చిన నివేదిక, శ్రీలంక యుద్ధం చివరి దశలో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని చెప్పింది. సైన్యం ఆసుపత్రుల మీద షెల్స్ వేసిందని రాసింది. అదే నివేదిక, సైన్యంతో పోరాడిన తమిళ పులులు, అంటే ఎల్‌టీటీఈ వాళ్ళు, జనాన్ని కవచంగా వాడుకున్నారనీ, పారిపోతున్నవాళ్ళని కాల్చారనీ, పిల్లల్ని బలవంతంగా యుద్ధంలోకి లాగారనీ కూడా రాసింది. ఇందులో ఒక సగాన్నే మోసుకెళ్ళే మనిషి సాక్ష్యానికి విలువ తగ్గించేస్తాడు.

వినడం ఎలాగో నేర్చుకోండి

ఈ భాగం ఎక్కువగా రాస్తాను. నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

మాకు పరిచయమున్న ఒక అక్క తమ్ముడు 2009 మే నెలలో సైన్యానికి లొంగిపోయాక మళ్ళీ కనిపించలేదు. ఆవిడ నన్ను తంగచ్చీ, అంటే చెల్లీ, అని పిలుస్తుంది. ఒకరోజు టీ తాగుతూ ఆ విషయం ఎత్తింది. నేను వెంటనే నోటుబుక్కు తీసి, ఏ రోజు, ఎన్ని గంటలకు, సైనికుడి యూనిఫాం ఏ రంగు అని వరుసగా అడిగాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. తర్వాత మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం తినలేదు. ఆవిడ కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, ఇంకెప్పుడూ అమ్మని అడగొద్దు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా బాధపెట్టింది. నేను చేసింది ఆవిడకే కాదు, కేసుకు కూడా నష్టం. ఒకే మనిషి నాలుగు చోట్ల నాలుగుసార్లు వివరంగా వాంగ్మూలం ఇస్తే చిన్న చిన్న తేడాలు రావడం సహజం. రేపు కోర్టులో ఎదుటి లాయరు ఆ తేడాలనే పట్టుకుని ఈ సాక్షి అబద్ధం చెబుతోందంటాడు. ఐసీసీ ప్రాసిక్యూటర్ కార్యాలయం, యూరప్ దేశాల ప్రాసిక్యూటర్లను కలిపే సంస్థ యూరోజస్ట్ కలిసి 2022 సెప్టెంబర్‌లో పౌర సంఘాల కోసం మార్గదర్శకాలు విడుదల చేశాయి. వాటి సారం కూడా ఇదే. ముందు హాని చేయకండి. వివరమైన వాంగ్మూలం తీసుకోవడం శిక్షణ ఉన్న దర్యాప్తు అధికారులకు వదిలేయండి. ముఖ్యంగా పిల్లలతో, లైంగిక హింసకు గురైనవాళ్ళతో మీరు ఆ పని అసలు చేయకండి.

మరి మనం చేసేదేమిటి? తానుగా చెప్పింది వినండి. మధ్యలో ఆపకండి. "అప్పుడు సైనికులే కదా కొట్టింది?" లాంటి ప్రశ్న వేస్తే జవాబు మీరే అందించినట్టవుతుంది. తప్పనిసరిగా అడగాలంటే, "తర్వాత ఏమైంది?" అని అడిగి ఊరుకోండి. ఆవిడ వెళ్ళాక నాలుగు సంగతులు మాత్రం రాసుకోండి: ఈ మనిషి దగ్గర ఫలానా విషయం మీద సమాచారం ఉంది, ఇంతకుముందు ఎవరికైనా వాంగ్మూలం ఇచ్చారా, ఏ భాషలో మాట్లాడతారు, ఎలా సంప్రదించాలి. పేరు, ఫోన్ నంబరు ఒక పుస్తకంలో, విషయం ఇంకో పుస్తకంలో ఉంచి రెంటినీ ఒక గుర్తు నంబరుతో కలపండి. ఒకటి పోయినా ఎవరి సంగతో ఎవరికీ తెలియదు.

సమ్మతి అంటే కాగితం మీద సంతకం ఒక్కటే కాదు. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. మీ సమాచారం ఐక్యరాజ్యసమితికి పంపవచ్చా? వాళ్ళు దాన్ని వేరే దేశం పోలీసులకు, కోర్టుకు ఇవ్వవచ్చా? మీ పేరు బయటికి రావచ్చా? ఒకదానికి సరేనని, మిగతా రెంటికి వద్దని చెప్పే హక్కు వాళ్ళకుంది. ఇవాళ సరేనని రేపు వద్దనే హక్కూ ఉంది. ఊళ్ళో ఇంకా అన్నదమ్ములు, అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఎందుకు భయపడతారో మనం విడమరిచి అడగక్కర్లేదు.

మనసు బాగా కుంగిపోయినవాళ్ళకు టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. ప్రభుత్వానిదే, ఉచితం, తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు.

కనిపించకుండా పోయినవాళ్ళ కోసం జెనీవాకు దరఖాస్తు

ఒక కుటుంబానికి మనం చేతనైనంతలో పూర్తిగా చేసిపెట్టగల పని ఇదొక్కటే అని నా నమ్మకం. బలవంతపు అదృశ్యాల మీద ఐక్యరాజ్యసమితి కార్యవర్గం 1980 నుంచి పనిచేస్తోంది. కుటుంబసభ్యులు గానీ, వాళ్ళ సమ్మతితో వేరొకరు గానీ దానికి దరఖాస్తు పంపవచ్చు. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, ముందు ఆ దేశం కోర్టుకు వెళ్ళి ఉండాలన్న షరతు లేదు. ఫారం వాళ్ళ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో దొరుకుతుంది. మనిషి పూర్తి పేరు, కనిపించకుండా పోయిన తేదీ, స్థలం, తీసుకెళ్ళింది ఎవరని కుటుంబం నమ్ముతోంది, వెతకడానికి కుటుంబం ఇప్పటిదాకా ఏం చేసింది అన్నవి తప్పనిసరి. రోజు గుర్తులేకపోతే కనీసం నెల, సంవత్సరం ఉండాలి. తెలియని గడిని ఊహించి నింపకండి, ఖాళీగా వదలండి.

కార్యవర్గం ఆ కేసును సంబంధిత ప్రభుత్వానికి పంపి, ఈ మనిషి ఏమయ్యాడో చెప్పమని అడుగుతుంది. ఎవరికీ శిక్ష వేయదు. ఆ సంగతి కుటుంబానికి ముందే చెప్పండి. అయినా మా అక్క ఎందుకు పంపాలనుకుందంటే, "నా తమ్ముడి పేరు ఒక్క చోటయినా రాసి ఉండాలి" అంది. దానికి ఒప్పించడానికి నేను ఒక్క మాట కూడా అనలేదు. కూతురే ఫోన్ చేసి రమ్మంది. ఈసారి అక్క చెప్పింది, కూతురు రాసింది. నా చేతికి వచ్చింది అనువాదం ఒక్కటే.

శ్రీలంకలో తప్పిపోయిన వ్యక్తుల కార్యాలయం కూడా ఉంది, 2016 చట్టంతో ఏర్పడింది. చాలా కుటుంబాలకు దాని మీద నమ్మకం లేదు. వెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయం. అలాగే మరణ ధృవీకరణ పత్రం తీసుకోమని ఎవరినీ తొందరపెట్టకండి. దానికి బదులు "కనిపించడం లేదు" అని చెప్పే పత్రం ఇచ్చే ఏర్పాటు శ్రీలంక చట్టంలో 2016 నుంచి ఉంది. శవం చూడని తల్లికి ఆ రెండు కాగితాల మధ్య తేడా చాలా పెద్దది.

కాగితాలు, ఫోటోలు, వీడియోలు

చెన్నైలో కాగితానికి ఉప్పుగాలి ఒక శత్రువు, వరద ఇంకో శత్రువు. 2015 డిసెంబర్‌లో, మళ్ళీ 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు పల్లపు ఇళ్ళలో ట్రంకు పెట్టెలు నీళ్ళలో తేలాయి. అందుకని మొదటి పని కాగితాలకు ఫోటోలు తీయడం. రెడ్‌క్రాస్ ఇచ్చిన చీటీలు, ఆసుపత్రి చీటీలు, పోలీసు ఫిర్యాదు నకళ్ళు, జైలు నుంచి వచ్చిన ఉత్తరాలు, పాత కుటుంబ ఫోటోలు, ఏవీ వదలకండి. వెనక వైపు కూడా తీయండి. ఫోటో వెనక పెన్నుతో రాసిన తేదీ ఒక్కోసారి ముందున్న బొమ్మ కంటే ఎక్కువ చెబుతుంది. అసలు కాగితం ఇంటివాళ్ళ దగ్గరే ఉండాలి, మీరు తీసుకోకూడదు. ల్యామినేషన్ చేయించకండి. దాని వల్ల సిరా, కాగితం పరీక్షించే వీలు పోతుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, అటక మీద పెట్టమనండి.

వీడియో, ఫోటో ఫైళ్ళ విషయంలో ఒకటే సూత్రం. అసలుని ముట్టుకోవద్దు. కత్తిరించడం, వెలుగు పెంచడం, పేరు మార్చడం ఏదీ వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోయి, ఎప్పుడు ఎక్కడ తీశారో చెప్పే సమాచారం ఎగిరిపోతుంది. తప్పక పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపండి. అంతకంటే మంచిది పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేసుకోవడం. చేసుకున్న వెంటనే ఆ ఫైలుకు హ్యాష్ తీయండి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఆ ఫైలు చదివి 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. పదేళ్ళ తర్వాత కూడా "ఇది ఆ రోజు నా చేతికి వచ్చిన ఫైలే" అని చూపించడానికి అదే ఆధారం. మన దేశంలో కూడా 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అడిగే సర్టిఫికెట్‌లో హ్యాష్ రాసే చోటు ఉంది.

దాంతోపాటు ఒక చిన్న రిజిస్టరు పెట్టండి. ఏ ఫైలు, ఎవరు ఇచ్చారు, ఏ రోజు, ఎక్కడ, దాన్ని తర్వాత ఎవరికి ఇచ్చాను. చేతులు మారిన ప్రతిసారీ ఒక వరుస. హైకోర్టు ప్రహరీ దగ్గర ఒక రాయి ఉంది, ఎప్పుడైనా చూడండి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించిన సంగతి దాని మీద ఉంటుంది. ఏ రోజు, ఎక్కడ అన్న రెండు ముక్కలు ఎవరో శ్రద్ధగా చెక్కించారు కాబట్టి నూరేళ్ళ తర్వాత ఆ చోట నిలబడి మనం ఆ మాట చెప్పగలుగుతున్నాం. మన రిజిస్టరు చేసేదీ అంతే.

సోషల్ మీడియాలో కనిపించిన వీడియోలకు వేరే జాగ్రత్త కావాలి. 2017 ఆగస్టులో ఐసీసీ లిబియా కమాండర్ అల్ వెర్ఫల్లి మీద అరెస్టు వారెంటు ఇచ్చింది. అందులో ముఖ్యమైన ఆధారం, మనుషుల్ని కాల్చి చంపుతున్నట్టు ఉన్న ఏడు వీడియోలు, వాటిలో కొన్ని సోషల్ మీడియాలో పెట్టినవే. అలాంటి వీడియో చూడగానే భయపడి రిపోర్టు కొడితే అది మాయమైపోతుంది. ముందు లింకు, పెట్టినవాళ్ళ ఖాతా పేరు, పెట్టిన తేదీ, మీరు చూసిన సమయం రాసుకోండి. పేజీ మొత్తాన్ని వేబ్యాక్ మెషీన్‌లో, అంటే వెబ్ పేజీల నకళ్ళు దాచే ఉచిత సైట్‌లో, భద్రపరచండి. ఆ తర్వాత రిపోర్టు కొట్టండి. షేర్ మాత్రం చేయకండి. పాత సిరియా వీడియోకి కొత్త పేరు పెట్టి గ్రూపుల్లో తిప్పేవాళ్ళు ఎక్కువైపోయారు. ఆ బొమ్మ ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో ఇంటర్నెట్‌లో (రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో) వెతికి చూడకుండా ఏదీ నమ్మకండి. ఈ పని సీరియస్‌గా నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళకు ఇంటర్నెట్‌లో దొరికే సాక్ష్యాన్ని ఎలా సేకరించాలో చెప్పే మార్గదర్శి, 2020 డిసెంబర్‌లో వచ్చిన బర్క్‌లీ ప్రోటోకాల్, ఉచితంగా దొరుకుతుంది. ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే మన తెలుగు పిల్లలు ఈ పనికి సరిగ్గా సరిపోతారు.

ఎక్కడికి పంపాలి అన్నది పైన చెప్పిన తలుపులను బట్టి ఉంటుంది. శ్రీలంకది జెనీవాలోని ప్రాజెక్టుకు, మయన్మార్‌ది ఆ యంత్రాంగానికి, ఐసీసీ పరిధిలోది ఆ ప్రాసిక్యూటర్ కార్యాలయం వెబ్ పోర్టల్‌కు. మొదటి ఉత్తరంలో సాక్ష్యం పంపకండి. ఫలానా రకం సమాచారం ఉంది, సురక్షితంగా ఎలా పంపాలో చెప్పండి అని మాత్రమే రాయండి. జవాబు రావడానికి నెలలు పడుతుంది.

అనువాదం: మనకు బాగా చేతనైన సేవ

చెన్నై తెలుగువాళ్ళకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, ఆఫీసులో ఒక భాష. దీన్ని మనం గొప్పగా అనుకోం గానీ, సాక్షికీ దర్యాప్తు చేసేవాళ్ళకూ మధ్య తెగిపోయేది చాలాసార్లు ఈ దారమే.

అయితే మనకు వచ్చిన చెన్నై తమిళం సరిపోదు. యాళ్ప్పాణం (జాఫ్నా) తమిళం వేరు. అక్కడివాళ్ళు "బంకర్" అంటే సైన్యం కట్టిన కాంక్రీటు గది కాదు, ఇంటి వెనక తాము తవ్వుకుని దాక్కున్న గొయ్యి. "కిఫిర్" అంటే బాంబులు వేసే యుద్ధవిమానం. అర్థం కాని మాట వస్తే ఊహించకండి, ఆ మాటనే అలాగే రాసి పక్కన వాళ్ళు చెప్పిన వివరణ పెట్టండి.

ఇంకా ముఖ్యమైన తేడా ఒకటుంది. తమిళంలో "కాణామల్ పోనవర్గళ్" అంటే తప్పిపోయినవాళ్ళు. తల్లులు ఆ మాట ఒప్పుకోరు. "కాణామల్ ఆక్కప్పట్టోర్" అంటారు, కనిపించకుండా చేయబడినవాళ్ళు అని. తెలుగులోకి, ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు "తప్పిపోయాడు" అని రాసేస్తే, చేసినవాడు ఆ వాక్యంలోంచి జారిపోతాడు. ఆవిడ "చంపారు" అందా, "చనిపోయాడు" అందా, "శవం చూశాను" అందా, "చనిపోయాడని చెప్పారు" అందా, నాలుగూ వేరు. వాక్యాన్ని అందంగా మార్చకండి. ఆవిడ ఒకే మాట మూడుసార్లు అంటే మూడుసార్లూ రాయండి. చివర అనువాదకుడి పేరు, తేదీ, ఏ భాష నుంచి ఏ భాషకు అన్నది రాసి సంతకం పెట్టండి.

డబ్బు

తక్కువే చెబుతాను. ఐసీసీకి అనుబంధంగా ఉన్న బాధితుల ట్రస్ట్ ఫండ్ వ్యక్తుల విరాళాలు తీసుకుంటుంది. విదేశానికి పంపేది రిజర్వు బ్యాంకు రెమిటెన్స్ పథకం కింద మీ బ్యాంకు ద్వారానే పంపాలి. ఇక్కడి సంస్థకు ఇస్తే రసీదు, 80జీ నంబరు అడగండి. యుద్ధం పేరు చెప్పి నగదు వసూలు చేసేవాళ్ళకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఎల్‌టీటీఈ మన దేశంలో 1992 నుంచి నిషేధిత సంస్థ. తెలియక ఇచ్చాను అన్నా మీరు, మీతో తిరిగే శరణార్థి కుటుంబం కూడా కేసుల్లో చిక్కుకుంటారు. ఒక సాక్షి విచారణకు వెళ్ళే రైలు ఖర్చు, ఒక కుటుంబం కాగితాల నోటరీ ఖర్చు పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి విరాళం.

మన ప్రభుత్వాన్ని ఏమని అడగాలి

ఎంపీకి రాసే ఉత్తరంలో "శ్రీలంక తమిళులకు న్యాయం చేయండి" అని రాస్తే, "తప్పకుండా" అని జవాబు వస్తుంది, అంతటితో ఆగిపోతుంది. కచ్చితంగా అడగాలి. జెనీవాలో శ్రీలంక మీద వచ్చిన 2012, 2013 తీర్మానాలకు భారతదేశం అనుకూలంగా ఓటేసింది. అప్పుడు తమిళనాడు నుంచి ఒత్తిడి ఎంత ఉందో ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ గుర్తే. 2014లో, మళ్ళీ 2021, 2022ల్లో ఓటింగుకు దూరంగా ఉంది. ఎందుకు మారిందో పార్లమెంటులో ప్రశ్న వేయమని మీ ఎంపీని అడగండి.

రెండోది మన సొంత చట్టం. భారతదేశం జాతి నిర్మూలన నిరోధక ఒప్పందాన్ని 1959లోనే ఆమోదించింది, కానీ జాతి నిర్మూలనను, మానవాళిపై నేరాలను శిక్షించే ప్రత్యేక చట్టం చేసుకోలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబర్ 17న ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇస్తూ ఈ లోపాన్ని వెంటనే సరిచేయాలంది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎస్. మురళీధర్ లాయరుగా మొదలుపెట్టింది చెన్నైలోనే. ఆ తర్వాత కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ రెండు నేరాలకు చోటు దక్కలేదు. 1960 జెనీవా ఒప్పందాల చట్టం ఉన్నా, ప్రభుత్వం ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని చేపట్టగలదు. బాధితుడు నేరుగా తలుపు తట్టలేడు. దీన్ని మార్చమని అడగడం న్యాయమైన కోరిక. ఉత్తరం ఒక పేజీ దాటకుండా, మీ నియోజకవర్గం చిరునామాతో, తెలుగులోనో తమిళంలోనో రాయండి. నెలకు జవాబు రాకపోతే మళ్ళీ రాయండి.

మే 18న ఏదైనా హాలులో స్మరణ జరిగితే వెళ్ళండి. ఆ రోజు ముళ్ళివాయ్‌క్కాల్ గంజి పంచుతారు. బియ్యం, నీళ్ళు, ఉప్పు, అంతే. చివరి రోజుల్లో అక్కడి జనానికి దొరికింది అదే. అక్కడ ఫోటోలు తీయకండి. వరసలో ఎవరి ముఖం ఎవరికి ప్రమాదమో మనకు తెలియదు. మెరీనా మీద అనుమతి లేకుండా గుమిగూడొద్దు. కేసు పెడితే మీరు బెయిలు మీద వస్తారు, మీతో వచ్చిన శరణార్థి పరిస్థితి అలా ఉండదు. మనం 1951 శరణార్థుల ఒప్పందంలో లేం.

చాలా ఏళ్ళు పట్టే పని అని ఇంట్లో చెప్పి మొదలుపెట్టండి

చాద్ నియంత హిస్సేన్ హబ్రే 1990లో గద్దె దిగాడు. జైళ్ళలోంచి బతికి బయటపడ్డవాళ్ళు కలిసి వాంగ్మూలాలు పోగుచేశారు, ఏళ్ళ తరబడి ఇళ్ళలో దాచారు. సెనెగల్‌లో ప్రత్యేక న్యాయస్థానం అతనికి యావజ్జీవం వేసింది 2016 మే 30న. మధ్యలో పాతికేళ్ళకు పైగా గడిచాయి. శ్రీలంకలో జాఫ్నా దగ్గరున్న చెమ్మణిలో శవాలు పూడ్చారని ఒక సైనికుడు కోర్టులో చెప్పింది 1998లో. 1999 తవ్వకాల్లో 15 అస్థిపంజరాలు దొరికాయి, తర్వాత పని ఆగిపోయింది. 2025లో మళ్ళీ తవ్వితే వందకు పైగా బయటపడ్డాయి. వాటిలో ఒక బిడ్డ అస్థికల దగ్గర స్కూలు బ్యాగు ఉంది. ఉత్తర శ్రీలంకలోని కిళినొచ్చిలో, కనిపించకుండా చేయబడినవాళ్ళ తల్లులు 2017 ఫిబ్రవరి నుంచి రోడ్డు పక్కన కూర్చునే ఉన్నారు. వాళ్ళలో కొందరు ఆ టెంటులోనే పెద్దవాళ్ళై, జవాబు రాకుండానే పోయారు.

ఇన్నేళ్ళు ఈ విషయాలు వింటే మనకీ నిద్ర పట్టదు, ఇంట్లో చిరాకు పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు ఆ వీడియోలు చూడకండి. ఒక్కరే చేయకండి, ఇద్దరు ముగ్గురు పంచుకోండి. టెన్షన్ ఎక్కువైతే ఒక నెల ఆపండి, సిగ్గుపడకండి. పుస్తకాలు ఇంకొకరి చేతికి జాగ్రత్తగా అప్పగించి ఆపండి.

ఏటా ఒక రోజు పెట్టుకుని అన్నీ సరిచూడండి. నేను భోగి ముందు రోజు చూస్తాను. పెన్‌డ్రైవ్‌లు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, హ్యాష్ మళ్ళీ తీసి రిజిస్టరుతో పోల్చి, పాడయ్యేలా ఉన్నవాటిని కొత్తవాటిలోకి మార్చి, రెండో కాపీని వేరే ఇంట్లో పెట్టిస్తాను. ఆ రోజే ఎందుకంటే, మర్నాడు తెల్లవారుజామున చెన్నైలో ప్రతి వీధిలోనూ పాత చాపలు, పాత కాగితాలు మంటలో వేస్తారు. అక్క వాళ్ళింటికి కూడా ఆ సాయంత్రం ఫోన్ చేస్తాను. అటక మీది నీలం కవరు కిందికి దించొద్దని పిల్లలకు చెప్పమంటాను. "చెప్పేశాను తంగచ్చీ, నిన్ననే చెప్పేశాను" అంటుంది.